గోనెసంచిలో గుడ్డలు

పుంగనూరులో దొరస్వామి ఫర్నిచర్ షెడ్డు పట్టపగలు, అందరూ అన్నాలకు పోయిన వేళ తగలబడిపోయిన సంగతి పోయినవారం చదివినవాళ్లకు గుర్తే. ప్రాణాలు పోలేదు, అంతవరకూ దేవుడి దయ. పోయినవల్లా ఒక పెళ్లివారి మంచాలూ, నాలుగిళ్ల తలుపులూ, దొరస్వామి గుండెధైర్యమూ. ముందురోజు ఆయన పాలిష్ పనివాడు నరేష్‌ని పట్టుకుని, తలుపు మీద మచ్చలు పడ్డాయని నలుగురి ఎదుట చెంప పగలగొట్టాడు. "నీ షెడ్డు బూడిదైపోతాది సూడు" అని నరేష్ వీధి వీధంతా వినేలా అరిచి పోయాడు. మర్నాడు అది నిజంగానే బూడిదైంది, నరేష్ మాయమయ్యాడు. ఇక పోలీసులకు ఇంకో ఆలోచన ఎందుకొస్తుంది!

ఇందులో మదనపల్లెలో రంగుల అంగడి నడుపుకునే జయశీలకేం సంబంధం అంటారా? షెడ్డు కాలిన రోజు పొద్దున నరేష్ ఆమె దగ్గరే రంగు పలచన చేసే, పెట్రోలులా అంటుకునే థిన్నర్ క్యాన్ నిండా కొన్నాడు. పోలీసులు వచ్చి అడిగితే ఆమె ఉన్నమాట చెప్పేసింది. ఆ తర్వాతే పక్కన టీ అంగడి నల్లప్ప వచ్చి చెవిలో వేశాడు: నరేష్‌ని ఎవరో కలకడ దగ్గర చూశారట, రంగులమ్మ అంగట్లో ఒంటిగా ఎప్పుడుంటుందని వాకబు చేస్తున్నాడట. ఈ మాట విన్నప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. షెడ్డు కాల్చినవాడు అంగడి కాల్చడా? అందులోనూ ఆ అంగడి ఎలాంటిది! ఒక్క అగ్గిపుల్ల చాలు.

శనివారం ఎండ మండిపోతుంటే జయశీల షట్టరు సగం దించుకుని కూర్చున్నప్పుడు, ఎవరో ఆ షట్టరు మీద దబదబా బాదారు. పోయినవారం మనం అక్కడ ఆగాం.

"ఎవరూ?" అంది జయశీల.

షట్టరు కింద రెండు కాళ్లు కనబడ్డాయి. చెప్పులు లేవు. గోళ్ల చుట్టూ ముదురు గోధుమరంగు పట్టేసి ఉంది. ఆ రంగు ఏ సబ్బుకూ పోదు. పాలిష్ పనివాళ్ల కాళ్లని జయశీల ఎక్కడైనా గుర్తుపడుతుంది. ఆ కాళ్ల పక్కన ఒక గోనెసంచి కూడా ఉంది.

అంగడి ఎంత ఉంటుంది? పది మంది నిలబడితే పదకొండోవాడు వీధిలో ఉండాలి. ఒక గోడకు రంగు డబ్బాలు, ఒక గోడకు చెక్కకు రంగు పట్టించే స్టెయిన్ డబ్బాలు. టేకు, వాల్‌నట్, రోజ్‌వుడ్, మహాగని అంటూ షేడ్లు పూసిన చెక్కముక్కలు తాడుకు గుచ్చి వేలాడదీసి ఉంటాయి. వెనక చిన్న గదిలో థిన్నర్ డ్రమ్ములు. బయటికి పోవడానికి ఉన్న దారల్లా ఆ షట్టరే. ఇరవయ్యేళ్లుగా ఆమెకు ఈ విషయం ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు తోచింది. ఆమె వేలు పోలీసులకని ఫోనులో నూట పన్నెండు నొక్కేలోపే నరేష్ వంగి లోపలికి దూరాడు. దూరి, షట్టరు ఇంకాస్త కిందికి లాగాడు.

"ఫోను కింద పెట్టక్కా."

మనిషి సగమైపోయాడు. గడ్డం మాసింది. వాడి ఒంటి మీంచి పొగ వాసన గుప్పుమంది. జయశీల ఫోను బల్ల మీద పెట్టి, రెండు చేతులూ కనబడేలా పెట్టుకుంది.

"నరేషూ... వద్దప్పా. బిడ్డ ఉండాది నాకు."

"నాకూ ఉండాది బిడ్డ," అన్నాడు నరేష్. "అది అడగలేదే నువ్వు, పోలీసోళ్లకి సెప్పేటప్పుడు? యాల సెప్పినావక్కా?"

"అడిగితే ఉన్నమాట చెప్పినా. థిన్నర్ కొన్న్యాడు అన్న్యా. అంతే."

"థిన్నర్ నేను నెలకు నాలుగుసార్లు కొంటా. ఆ ముక్క సెప్పినావా?"

నిజమే, జయశీల అది చెప్పలేదు. అడగనిది ఎందుకు చెప్పాలి అనుకుంది. అలాంటప్పుడు మనం అందరం అలాగే అనుకుంటాం, మనమేమీ తక్కువ తిన్నవాళ్లం కాదు.

నరేష్ సంచి మూతి పట్టుకుని బల్ల మీదికి ఎత్తాడు. జయశీల కుర్చీతో సహా వెనక్కి జరిగింది. ఏముంది అందులో? కిరసనాయిలా? కత్తా? వీపు డబ్బాలకు తగిలి ఒక చిన్న డబ్బా కింద పడి దొర్లింది. ఆ చప్పుడుకే ఆమె చిన్నగా కేక వేసింది.

"యాల బెదురుకుంటాండావు? సూడు. లోపల సెయ్యి పెట్టి సూడు."

"నేను పెట్టను."

"పెట్టక్కా! దీన్ని సూపించేదానికే కలకడ నించి గుట్టల్లో నడిసి వచ్చినా."

అంటూ వాడే సంచి తిరగేశాడు. బల్ల మీద నల్లగా, ముద్దగా ఏదో పడింది. బొగ్గైపోయిన గుడ్డలు. పాత పంచెలు, నేత చీరల ముక్కలు. స్టెయిన్ పట్టించడానికి వాడే గుడ్డలే అవి.

"షెడ్డులో కొట్లాటయినాక నా గుడ్డలు నేను తెచ్చుకున్న్యా. సగం ఆడే సంచిలో ఉండిపోయినాయి, సగం ఈ సంచిలో తెచ్చుకున్న్యా. మర్నాడు షెడ్డు కాలిందని ఇని, దొరస్వామి నన్నే అంటాడని తెలిసి కలకడ కాడ మా అత్తోళ్లూరికి పారిపోయినా. ఈ సంచి పశువుల కొట్టంలో ఇసిరేసినా. తెల్లారి మా యత్త నారాయణమ్మ కేకలేస్తాంది. సంచిలోంచి పొగ వస్తాండాది. ఎవురూ దగ్గిరికి పోలేదక్కా. బీడీ తాగేవాళ్లు కూడా లేరు ఆడ. నేను నీళ్లు పోసి ఆర్పినా."

"నువ్వే అంటించి నీళ్లు పోసినావని పోలీసులు అంటారు," అంది జయశీల. ధైర్యంతో అన్న మాట కాదు. భయంలో నోటికొచ్చింది అనేసింది.

"అంటారు. అందుకే పోలీసుల దగ్గిరికి పోకండా నీ దగ్గిరికి వచ్చినా." నరేష్ ఖాళీ గోనెసంచిని ఆమె ముందు పరిచాడు. "సంచి పైన సూడు. పీచు కూడా మాడలేదు. ఇప్పుడు లోపల సూడు. నేను అంటించుంటే పైన కాలల్ల కదా ముందు? ఇది లోపల్నించి కాలింది. మా నాయిన పచ్చిగడ్డి వామేస్తే లోపల కాగిపోయి నడుమ సెయ్యి పెట్టనిచ్చేది కాదు, అట్లా. నువ్విచ్చిన డబ్బాలో ఏం కలిపినావక్కా? అది సెప్పు నాకు."

జయశీల సంచి దగ్గరికి వంగింది. కాలిన వాసన కింద ఇంకో వాసన ఉంది. కొంచెం చేదుగా, కొంచెం నూనెగా. అవిసెనూనె వాసన. ఈ నెలలోనే బెంగళూరు నుంచి దిగిన కొత్త స్టెయిన్ అది. ఏజెంటు డబ్బా మూత తీసి చూపించి, "ఇందులో స్పిరిట్ లేదు మేడమ్, థిన్నర్ లేదు, అంతా నూనే. ముక్కు మండదు, కళ్లు మండవు. చర్చిలో కూడా కొట్టుకోవచ్చు" అన్నాడు. చర్చి అనేసరికి జయశీల మెత్తబడింది. ఏజెంట్లకు ఎవరి దగ్గర ఏ మాట అనాలో బాగా తెలుసు.

ఆమె మెత్తబడితే మెత్తబడింది. కానీ ఆ అంగడికి ఒక అలవాటు ఉంది. అంగడి పెట్టిన ఆమె మామ కృపాదానం స్టెయిన్ డబ్బా ఇచ్చిన ప్రతివాడికీ ఒక సలహా ఊరికే ఇచ్చేవాడు: 'మొదటి కోటు పూసిన గుడ్డలు పారేయొద్దండీ. సంచిలో గట్టిగా కుక్కి పెట్టుకోండి. రెండో కోటుకు అవే వాడితే రంగు రంగులో కలుస్తుంది, చారలు పడవు.' మదనపల్లె చుట్టుపక్కల పాలిష్ పనివాళ్లందరూ ఆ సలహాతోనే పని నేర్చుకున్నారు. మామ పోయాక జయశీల అదే మాట, అదే స్వరంలో చెబుతూ వచ్చింది. మామ కాలం స్టెయిన్లు స్పిరిట్‌వి. గుడ్డలు సంచిలో ఉంటే తడి ఆరకుండా ఉండేవి, అంతకంటే ఏమీ అయ్యేది కాదు. ఇది నూనె. నూనె ఆరేటప్పుడు వేడెక్కుతుందనీ, కుక్కిన గుడ్డల్లో ఆ వేడి బయటికి పోలేక అంటుకుంటుందనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. పాత సలహానే కొత్త డబ్బాకు అంటగట్టి పంపింది.

"నరేషూ, నీకు డబ్బా ఇచ్చేటప్పుడు నేనేం చెప్పినా?"

"ఎప్పుడూ సెప్పేదే. కుక్కి పెట్టుకో అన్న్యావు."

"కుక్కినావా?"

"కాలితో తొక్కి మరీ కుక్కినా."

జయశీల కుర్చీలో కూర్చుంది. కూర్చున్నది కూర్చున్నట్టే లేచింది. నిన్న సాయంత్రం ఒక లాయరుగారి భార్య వచ్చి, కొత్త ఇంటి తలుపులకు షేడ్లు చూపించమంటే, జయశీలే కూర్చుని వరసగా చెక్కముక్కల మీద కొత్త స్టెయిన్ పూసింది. ఎన్ని గుడ్డలు తడిపిందో లెక్క లేదు. ఆ గుడ్డలు ఏం చేసింది? ఆ అంగట్లో గుడ్డలు ఏం చేస్తారో అదే చేసింది. సంచిలో కుక్కింది. ఆ సంచి వెనక గదిలో ఉంది, థిన్నర్ డ్రమ్ముల మధ్య.

"అమ్మా యేసయ్యా," అంది.

ఇద్దరూ వెనక గదిలోకి చూశారు. మంట లేదు. పొగ కూడా లేదు. రెండు డ్రమ్ముల సందులో సంచి బుద్ధిమంతుడిలా కూర్చుని ఉంది. జయశీల గోడ పట్టుకుని దగ్గరికి వెళ్లింది. సంచి మీద చెయ్యి వేసింది. చల్లగానే ఉంది. హమ్మయ్య అనుకుని, మూతిలోంచి చెయ్యి లోపలికి తోసింది. మణికట్టు వరకూ వెచ్చన. మోచేతి వరకూ పోయేసరికి కుండలో మరుగుతున్న ఎసట్లో వేళ్లు ముంచినట్టయి, చెయ్యి బయటికి లాక్కుంది.

"ఉండాదా?" అన్నాడు నరేష్.

ఆమె తల ఊపింది.

నరేష్ ఆమెను పక్కకు నెట్టి సంచిని రెండు చేతుల్తో ఎత్తాడు. ఎత్తగానే సంచి అడుగు నుంచి సన్నగా పొగ దారం జారింది. "షట్టరు! షట్టరు ఎత్తక్కా!" జయశీల షట్టరు ఎత్తబోతే అది సగంలో ఇరుక్కుంది. తుప్పు పట్టిన ఆ షట్టరుకు నూనె వెయ్యమని మొగుడికి సంవత్సరంగా చెబుతోంది. భుజం పెట్టి తోసింది. నరేష్ సంచిని పొట్టకు కరుచుకుని, వంగి, దాదాపు పాకుతూ బయటపడ్డాడు. వీధి మధ్యకు పోయి విసిరేశాడు. సంచి పడి చిరిగింది. లోపలికి గాలి తగిలిందో లేదో, భగ్గుమని మంట లేచింది.

నల్లప్ప చేతిలో టీ గ్లాసుతో అలాగే నిలబడిపోయాడు. టమోటా బుట్టల లారీ ఒకటి బ్రేకు కొట్టింది. అగ్గిపుల్ల గీసినవాడు లేడు, బీడీ పడేసినవాడు లేడు, అందరూ చూస్తూనే ఉన్నారు. నల్లప్ప తేరుకుని గ్లాసులు కడిగే బకెట్టు తెచ్చి కుమ్మరించాడు. ఇంకో ఇద్దరు ఇసుక చల్లారు.

"ఏందమ్మా ఇది? వీడే కదా ఆ పుంగనూరోడు? నీ అంగడి గూడా అంటిస్తాండాడా?" అంటూ నల్లప్ప నరేష్ చొక్కా పట్టుకున్నాడు.

"వదులన్నా వాణ్ణి," అంది జయశీల. "వాడు అంటించలేదు. ఈడా అంటించలేదు, ఆడా అంటించలేదు. నేనే. నేను చెప్పిన మాటే ఆ షెడ్డు కాల్చింది."

నల్లప్పకు ఒక్క ముక్క అర్థం కాలేదు. నరేష్‌కు మాత్రం అయింది. ఇన్నాళ్లు గుట్టలమ్మట తిరిగినవాడు అక్కడే, రోడ్డు మీదే, చతికిలబడి ఏడ్చాడు. "ఆ ముక్క పోలీసోళ్లకి సెప్తావా అక్కా?" అన్నాడు.

"చెప్తా. ఇప్పుడే పోదాం పా," అంది జయశీల. అని, షట్టరు తాళాల కోసం వెనక్కి తిరిగింది.

తిరిగిన మనిషి అలాగే నిలబడిపోయింది.

కొత్త స్టెయిన్ చిల్లరగా కొన్నవాళ్లు లేకపోలేదు. పెద్ద ఎత్తున తీసుకుపోయింది మాత్రం ఇద్దరే. ఒకడు నరేష్. రెండో మనిషి ఆమె మొగుడు ఇవాన్. కుప్పంలో చర్చి బెంచీలకూ, పిల్లలు ఎక్కి పాడే చెక్క స్టేజీకీ కొత్త రంగు వేసే పని ఒప్పుకుని నాలుగు రోజుల కిందట పోయాడు. వేసవి బైబిలు బడి జరుగుతోందని కూతురు మెర్సీని కూడా తీసుకుపోయాడు. మొదటి కోటు అయిపోయిందని రాత్రే ఫోను చేసి గొప్పగా చెప్పాడు.

ఆమె ఇవాన్ నంబరు నొక్కింది. మూడో రింగుకు ఇవాన్ ఎత్తాడు. వెనకాల బస్సు హారన్లు.

"జయా, ఏమే, ఇప్పుడే అనుకుంటాండా నిన్ను—"

"గుడ్డలు యాడ పెట్టినారు?"

"ఏం గుడ్డలు?"

"స్టెయిన్ గుడ్డలండీ! మొదటి కోటు గుడ్డలు! పారేసినారా?"

"పారేస్తానా?" ఇవాన్ నవ్వాడు. "నాయిన కొడుకుని నేను. సంచిలో బాగా కుక్కి భద్రంగా పెట్టినా. ఎవురూ ముట్టుకోకుండా స్టేజీ కింద తోసినా."

జయశీల నుదురు షట్టరుకు ఆనించింది. "దాన్ని బయటికి లాగండి. ఇప్పుడే. పరిగెత్తండి. అది అంటుకుంటాది. అదే పుంగనూరు షెడ్డు కాల్చింది. నేను కళ్లారా చూసినా."

అవతల నవ్వు ఆగిపోయింది. "నేను ఆడ లేను జయా," అన్నాడు ఇవాన్ నెమ్మదిగా. "చెక్క రుద్దే ఉప్పుకాగితం అయిపోతే పలమనేరు వచ్చినా." ఇవాన్ ఏ పని మొదలుపెట్టినా మధ్యలో ఒక వస్తువు కోసం ఊరు దాటవలసిందే. పెళ్లయినప్పటినుంచి ఆమెకు ఇది నవ్వులాట. ఈ రోజు ఆ నవ్వులాట మీద ఆమెకు పట్టరాని కోపం వచ్చింది. "బస్సెక్కినా గంట పైన పడతాది," అన్నాడతను.

"చర్చిలో ఎవరున్నారు?"

"పిల్లలు... ఈరోజు ఆఖరి రోజు కదా. పాటలు, నాటకం. అందరూ లోపలే ఉండారు."

"పాస్టర్‌గారికి ఫోన్ చేయండి!"

"చేస్తా, చేస్తా. కానీ ఆయన ప్రోగ్రాం మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ కానుకల సంచిలో వేయించి బీరువాలో పెడతాడు. తనది కూడా. నిన్న కూడా అట్లే—" అవతల పరుగెత్తుతున్న చప్పుడు వినబడింది. "జయా, మెర్సీ మొదటి వరసలో ఉండాది."

ఫోను కట్టయింది. శాలేము రాజు పాస్టరుగారి నంబరుకు ఆమె ఫోను చేసింది. రింగవుతూనే ఉంది. మళ్లీ చేసింది. ఏ బీరువాలోనో ఆ ఫోను మోగుతూ ఉండి ఉంటుంది, ఇవాన్ చేస్తున్న ఫోనుకు అడ్డం పడుతూ.

నరేష్ లేచి నిలబడ్డాడు. జేబులోంచి తన ఫోను తీశాడు. పోలీసులు పట్టేస్తారని ఇన్నాళ్లూ ఆపేసి పెట్టుకున్న ఫోను అది. ఒక్క క్షణం దాన్ని చూశాడు. తర్వాత బటన్ నొక్కి పట్టుకున్నాడు.

"ఫైరింజనోళ్లకి నేను సేస్తా," అన్నాడు. "కుప్పంలో యాడ అని సెప్పాల?"

జయశీల చర్చి గుర్తులు చెబుతూనే చర్చివాళ్ల యూట్యూబు పేజీ తెరిచింది. పిల్లల కార్యక్రమాలు లైవ్ పెడతారని మెర్సీ చెప్పింది. 'అమ్మా, చూడాలి, నేను ముందరే ఉంటాను, పసుపు గౌను' అని మూడుసార్లు చెప్పింది. బీరువాలో వేయని ఆ ఒక్క ఫోనును ఎవరో స్టాండుకు బిగించి, దానికదే నడవనీ అని వదిలేసినట్టున్నారు. బొమ్మ వంకరగా ఉంది. చూస్తున్నవాళ్లు ముగ్గురని చూపిస్తోంది.

స్టేజీ కొత్త రంగుతో నిగనిగలాడుతోంది. ఇవాన్ పని మంచిదే, ఎవరూ పేరు పెట్టలేరు. దాని మీద పిల్లలు రెండు వరసలు. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలారు కాబట్టి అందరివీ వట్టి పాదాలే. ముందు వరసలో పసుపు గౌను. కీబోర్డు వాయిస్తున్నాయన కళ్లు మూసుకుని ఉన్నాడు. ముందు కూర్చున్న తల్లులు చప్పట్లతో తాళం వేస్తున్నారు.

జయశీల కింద కామెంటు రాసే చోట వేలు పెట్టింది. 'పిల్లల్ని దింపండి' అని రాసింది. పంపింది. అది తెర మీద పైకి పోయింది. దాని కింద ఇంకెవరిదో 'ఆమేన్' అని వచ్చింది.

"రింగవుతాండాదక్కా, ఎవురో ఎత్తినారు," అంటున్నాడు నరేష్ పక్కనుంచి. "హలో సార్, కుప్పం సార్... నా పేరా? నా పేరు నరేష్ సార్, పుంగనూరు నరేష్..."

జయశీలకు అది వినబడలేదు. ఆమె పాట వింటోంది. కుప్పం పోయేదాకా నెల రోజులు ఆ పాట ఇంట్లో మోగింది. వంటగదిలో, స్నానాలగదిలో, బండి మీద. ఏ మాటకు చేతులు పైకెత్తాలో, ఏ మాటకు గుండె మీద పెట్టుకోవాలో మెర్సీ అమ్మకు కూడా నేర్పింది. అన్నీ చేతులతో చేసేవే. అందులో కాళ్లు కదిపే చోటు ఒక్కటీ లేదు.

తెర మీద పసుపు గౌను పాప పాడుతూ పాడుతూ ముక్కు చిట్లించింది. రంగుల అంగట్లో పెరిగిన పిల్ల. ఆగి, కిందికి చూసింది.

తర్వాత ఒక పాదం ఎత్తింది. అది దించి, రెండోది ఎత్తింది.